ఓర్టిజ్‌ని వదిలేసిన ఆ డిసెంబర్

అమెరికా బేస్‌బాల్‌లో బ్రెంట్ రూకర్ బంతిని స్టాండ్స్‌లోకి కొట్టిన ప్రతిసారీ మినెసోటా అభిమానులు పళ్లు కొరుక్కుంటారు. 2017లో కొత్త ఆటగాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో అతన్ని 35వ పిక్‌గా తీసుకున్నది మినెసోటా జట్టు ట్విన్సే. 2022 ఏప్రిల్‌లో సీజన్ మొదలవుతుండగా అతన్ని శాన్ డియాగోకి ఇచ్చేసింది కూడా ట్విన్సే. అక్కణ్నుంచి కాన్సస్ సిటీ వెళ్లాడు. వాళ్లూ వద్దనుకుంటే ఆ నవంబర్‌లో ఓక్లాండ్ తీసుకుంది, బదులుగా ఒక్క ఆటగాణ్ని కూడా ఇవ్వకుండా. 2023లో 30 హోమ్ రన్లు, 2024లో 39. 2025 జనవరిలో ఐదేళ్లకు 6 కోట్ల డాలర్ల ఒప్పందం.

రూకర్ మీద మొదలైన వాదన ఎప్పుడూ, ట్విన్స్ 2002లో వదిలేసిన డేవిడ్ ఓర్టిజ్ దగ్గరికే చేరుతుంది. "ట్విన్స్‌కి ఆటగాణ్ని చూసే కళ్లు లేవు, అప్పుడూ లేవు, ఇప్పుడూ లేవు" అన్నది అందులో గట్టిగా వినపడే మాట. ఓర్టిజ్ కథలో సగం అందరికీ తెలిసిందే: బోస్టన్‌కి మూడు వరల్డ్ సిరీస్ టైటిళ్లు, కెరీర్‌లో 541 హోమ్ రన్లు, 2022లో మొదటి ఓటింగ్‌లోనే హాల్ ఆఫ్ ఫేమ్. అందులోకి వెళ్లను. అసలు విషయమంతా 2002 డిసెంబర్ 16కీ, 2003 మే 29కీ మధ్య ఉంది.

ముందు ఆ డిసెంబర్. 16న ట్విన్స్ ఓర్టిజ్‌ని వదిలేసింది. ఆ ఏడాది ఓర్టిజ్ 125 మ్యాచుల్లో 20 హోమ్ రన్లు కొట్టాడు. జనవరిలోనే కారు ప్రమాదంలో తల్లి పోయింది. సీజన్ మొదట్లో మోకాలికి ఆపరేషన్. ఇన్ని తట్టుకుని 20 కొట్టినవాడు చేతకానివాడని ఏ స్కౌటూ రాయడు. జట్టు కూడా ఆ ఏడాది 94 మ్యాచులు గెలిచి లీగ్ ఫైనల్ దాకా వెళ్లింది. మరి ఎందుకు పంపేసినట్టు?

ఎందుకంటే అతనికి జీతం పెరిగే వేళైంది. బేస్‌బాల్‌లో మొదటి మూడేళ్లూ ఆటగాడికి జట్టు ఎంతిస్తే అంతే. ఆ తర్వాత ఆర్బిట్రేషన్ హక్కు వస్తుంది. అంటే బేరం తెగకపోతే మధ్యవర్తి ముందు కూర్చుని, తనలాంటివాళ్లకి ఎంతిస్తున్నారో చూపించి అడగొచ్చు. ఆ లెక్కన 2003లో ఓర్టిజ్‌కి దాదాపు 20 లక్షల డాలర్లు ఇవ్వాల్సి వస్తుందని అంచనా. ఇస్తారా, వదులుకుంటారా అని తేల్చాల్సిన గడువు డిసెంబర్‌లోనే. ఐపీఎల్‌లో రిటెన్షన్ జాబితా ఇచ్చే ముందు ఫ్రాంచైజీలకి పట్టుకునే టెన్షన్ లాంటిదే ఇది. 2021లో వార్నర్‌ని ముందు కెప్టెన్సీ నుంచి, తర్వాత జట్టులోంచే తప్పించిన సన్‌రైజర్స్ హైదరాబాద్, ఆ నవంబర్‌లోనే అతను టీ20 వరల్డ్ కప్‌లో ప్లేయర్ ఆఫ్ ద టోర్నమెంట్ అవడం చూసింది కదా.

ఇక ట్విన్స్ పరిస్థితి. అంతకు ఏడాది ముందే, 2001 నవంబర్‌లో, లీగ్ యజమానులు రెండు జట్లని ఎత్తేయాలని ఓటేశారు. వేటు పడే జాబితాలో ట్విన్స్ పేరే ముందు వినిపించింది. కోర్టు అడ్డుపడి, స్టేడియం లీజు ప్రకారం ఆడి తీరాలంటే బతికింది. అలాంటి జట్టు ప్రతి డాలర్నీ రెండుసార్లు లెక్కపెట్టుకుంటుంది. ఓర్టిజ్ కూడా ఆడే ఫస్ట్ బేస్‌లో, మేటి ఫీల్డర్‌కిచ్చే గోల్డ్ గ్లవ్ గెలిచిన డగ్ మింట్‌కేవిచ్ ఉన్నాడు, వెనకాల జస్టిన్ మోర్నో తయారవుతున్నాడు. మేనేజ్‌మెంట్ చెప్పుకున్న కారణం ఇంతే. తీసిపారేసే కారణమూ కాదు. మోర్నో 2006లో లీగ్ ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు) అయ్యాడు.

అయితే అదే రోజు, వేరే జట్ల కింది లీగ్ ఆటగాళ్లని ఎంచుకునే రూల్ 5 డ్రాఫ్ట్‌లో ట్విన్స్ హోసే మోర్బాన్ అనే షార్ట్‌స్టాప్‌ని (ఇన్‌ఫీల్డర్‌ని) తీసుకుంది. ఓర్టిజ్ వెళ్తే జట్టు జాబితాలో ఒక చోటు ఖాళీ. మోర్బాన్ ట్విన్స్ తరఫున ఒక్క సీజన్ మ్యాచ్ కూడా ఆడకుండానే బాల్టిమోర్ చేరాడు. జనరల్ మేనేజర్ టెర్రీ రయన్ తర్వాత తప్పు తనదేనని దాచకుండా ఒప్పుకున్నాడు.

ఓర్టిజ్ వైపు కథ ఇంకా వెనక్కి వెళ్తుంది. గట్టిగా ఊపితే కోచ్‌లకి నచ్చేది కాదని, బంతిని లెఫ్ట్ ఫీల్డ్ వైపు తోసి పరుగెత్తమనేవారని అతను చాలాసార్లు చెప్పాడు. ఆరడుగుల పైన ఎత్తు, ఆ ఒళ్లు, ఎడమచేతి వాటం. అతన్ని పట్టుకుని తోసి పరుగెత్తమనడం, ఎద్దుని గొర్రెలా నడవమన్నట్టు. 1999 చూడండి. ఆ ఏడాది దాదాపు అంతా కింది లీగ్‌లో సాల్ట్ లేక్ సిటీలోనే ఉంచారు. అక్కడ 30 హోమ్ రన్లు, 110 ఆర్‌బీఐలు (తన బ్యాటింగ్‌తో జట్టుకి తెచ్చిన పరుగులు). చివర్లో పైకి పిలిస్తే 20 అట్-బ్యాట్లలో (బ్యాటింగ్ అవకాశాల్లో) ఒక్క హిట్ లేదు. అదే ఏడాది ఫస్ట్ బేస్ ఆడిన మింట్‌కేవిచ్ సగటు .229, హోమ్ రన్లు రెండు. ఇద్దరిలో ఎవరి మీద నమ్మకం పెట్టుకున్నారో చూస్తే 2002 డిసెంబర్ నిర్ణయానికి పునాది అక్కడే పడిందనిపిస్తుంది. డబ్బు లెక్క ఆ అపనమ్మకానికి ముహూర్తం పెట్టింది, అంతే.

ట్విన్స్‌ని వెనకేసుకొచ్చేవాళ్లు 2003 నాటి డోపింగ్ పరీక్షల జాబితాలో ఓర్టిజ్ పేరుందన్న 2009 వార్తని తీస్తారు. తెలిసి ఏదీ వాడలేదన్నాడతను. ఆ పరీక్షల్లో కొన్ని ఫలితాలు నమ్మదగ్గవి కావని లీగ్ కమిషనరే 2016లో అన్నాడు.

డిసెంబర్ 16 నుంచి జనవరి 22 దాకా 37 రోజులు. ఓర్టిజ్ ఎవరైనా పట్టుకుపోగల ఫ్రీ ఏజెంట్. మిగిలిన 29 జట్లూ నోరెత్తలేదు. కళ్లు లేనిది ట్విన్స్‌కి ఒక్కదానికేనా? డొమినికన్ రిపబ్లిక్ రాజధాని సాంటో డొమింగోలో ఒక రెస్టారెంట్‌లో కనపడిన స్నేహితుడు, బోస్టన్ పిచర్ పెడ్రో మార్టినెజ్‌కి సంగతి తెలిసి, బోస్టన్ వాళ్లకి ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. చివరికి బోస్టన్ జట్టు రెడ్ సాక్స్ ఏడాదికి 12.5 లక్షల డాలర్లకి తీసుకుంది. ట్విన్స్ ఇవ్వడానికి భయపడిన దానికంటే తక్కువ.

తీసుకుని ఏం చేసింది? బెంచి మీద కూర్చోబెట్టింది. బోస్టన్ తెలివితేటల్ని పొగిడేవాళ్లు ఈ ముక్క మింగేస్తారు. జెరెమీ గియాంబీ, కెవిన్ మిల్లర్, షే హిల్లెన్‌బ్రాండ్, బిల్ మ్యూలర్. మూడు చోట్లకి ఇంతమంది పోటీ. ఏప్రిల్, మే నెలల్లో ఒకరోజు ఆడిస్తే ఒకరోజు లేదు. ఓర్టిజ్‌కి విసుగు పుట్టింది. మే 29న హిల్లెన్‌బ్రాండ్‌ని అరిజోనాకి ఇచ్చి, కొరియా పిచర్ బ్యుంగ్-హ్యున్ కిమ్‌ని తెచ్చుకున్నారు. పిచర్ కోసం చేసిన బేరం అది. కానీ దాంతో మ్యూలర్ థర్డ్ బేస్‌లో, మిల్లర్ ఫస్ట్ బేస్‌లో కుదురుకున్నారు. ఫీల్డింగ్ లేకుండా బ్యాటింగ్ మాత్రమే చేసే చోటు ఓర్టిజ్‌కి దక్కింది. రోజూ దిగడం మొదలైంది, గట్టిగా ఊపొద్దనేవాళ్లు లేరు. సీజన్ అయ్యేసరికి 31 హోమ్ రన్లు, 101 ఆర్‌బీఐలు. మ్యూలర్ లీగ్ బ్యాటింగ్ టైటిల్ కొట్టాడు. .197 దగ్గర ఆగిపోయిన గియాంబీకి అదే ఆఖరి సీజన్.

కిమ్ మీద అంత మోజు లేకపోతే ఆ జూన్‌కి ఓర్టిజ్ ఎక్కడుండేవాడో.

రూకర్‌కీ ఓక్లాండ్‌లో దొరికింది ఇదే. 2023లో 112 మ్యాచులు ఓడిపోయిన జట్టది. రోజూ ఆడించడానికి వాళ్లకి అడ్డమేమీ లేదు. గెలవాల్సిన ఒత్తిడి ఉన్న జట్టులో అతనికి అన్ని అవకాశాలు ఇచ్చి ఉండేవారా అన్నది ఇప్పుడు వాదించుకునేవాళ్లు అడగాల్సిన ప్రశ్న.

ఓర్టిజ్‌ని కాదని ట్విన్స్ అట్టేపెట్టుకున్న మింట్‌కేవిచ్‌ని 2004 జూలై 31న అదే బోస్టన్‌కి పంపేసింది. ఆ అక్టోబర్ 27న సెయింట్ లూయిస్‌లో వరల్డ్ సిరీస్ నాలుగో మ్యాచ్. నేషనల్ లీగ్ మైదానాల్లో అప్పట్లో బ్యాటింగ్ మాత్రమే చేసే చోటు ఉండేది కాదు కాబట్టి ఓర్టిజ్ ఫస్ట్ బేస్‌లో ఆడాల్సి వచ్చింది. ఆధిక్యం చేతిలో ఉండగా, చివరి ఇన్నింగ్స్‌లకి ఫీల్డింగ్ గట్టిగా ఉండాలని అతన్ని కూర్చోబెట్టి మింట్‌కేవిచ్‌ని దింపారు. 86 ఏళ్ల తర్వాత బోస్టన్‌ని గెలిపించిన చివరి అవుట్ బంతి అతని గ్లవ్‌లోనే పడింది. అది నాదని కొన్నాళ్లు ఇంటికి తీసుకుపోయాడు కూడా.