జోస్యం చెప్పి మోసం చేశారా? పటమట మేడ మీద తగువుకి వెనక కథ

విజయవాడ పటమటలో నెలకోసారి ఓ మేడ మీద చేరే పాఠకుల గుంపులో మొన్న ఆదివారం మళ్లీ రగడ అయింది. గుంటూరు కుర్రాడొకడు రాసిన ఫాంటసీ నవల రాతప్రతి అందరూ చదివి వచ్చారు. మొదటి అధ్యాయంలోనే ఓ గుడ్డి అవ్వ, 'కుమ్మరి కొడుకు చేతిలో ఈ సింహాసనం ముక్కలవుతుంది' అని చెబుతుంది. ఆ తర్వాత పుస్తకమంతా కుమ్మరివీధి కుర్రాడొకడు కత్తి పట్టుకుని తిరిగి, తీరా కోట గుమ్మం దాకా వచ్చి చచ్చిపోతాడు. ఆఖర్న సింహాసనాన్ని గొడ్డలితో నరికేది రాజే. పసికందుగా ఉన్నప్పుడు కుమ్మరి ఇంట్లోంచి అంతఃపురానికి చేరినవాడు ఆ రాజు.

'ఇది పచ్చి మోసం' అని సగం మంది లేచారు. 'అవ్వ మాట అక్షరం పొల్లుపోలేదు కదా' అని మిగతా సగం. ఏడాదికోసారైనా ఏదో ఒక పుస్తకం మీద ఇదే గొడవ. దీని పూర్వాపరాలు రేపటికల్లా రాసివ్వమన్నారు కాబట్టి జోస్యాలకి పేరుపడ్డ గ్రీకుల డెల్ఫీ గుడి జోలికీ, షేక్‌స్పియర్ నాటకంలో మాక్బెత్ మీదికి నడిచొచ్చిన అడవి జోలికీ పోను. అవి తెలియనివాళ్లు ఆ మేడ ఎక్కరు.

ఇప్పటి కోపానికి అసలు మొదలు, నా లెక్కలో, 2015 ఏప్రిల్ 12. ఆ రోజు టీవీ సీరియల్ గేమ్ ఆఫ్ థ్రోన్స్ అయిదో సీజన్ జోస్యంతోనే మొదలైంది. తర్వాత రాణి అయ్యే సెర్సీ చిన్నపిల్లగా ఉన్నప్పుడు అడవిలో మ్యాగీ అనే మంత్రగత్తె గుడిసెకి వెళ్లి, వేలు కోసి నెత్తురిచ్చి తన భవిష్యత్తు అడుగుతుంది. రాణివి అవుతావు, నీకన్నా చిన్నదీ అందగత్తే అయిన ఒకతె వచ్చి నిన్ను పడదోస్తుంది, నీ పిల్లల కిరీటాలూ బంగారమే, శవాల మీద కప్పే బట్టలూ బంగారమే అంటుంది మ్యాగీ. సీన్ అక్కడితో ఆగిపోయింది. సీరియల్‌కి మూలమైన నవలల్లో, జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ 2005లో తెచ్చిన ఎ ఫీస్ట్ ఫర్ క్రోస్‌లో మాత్రం అక్కడితో ఆగదు. చివర్లో వాలొంకర్ వచ్చి నీ గొంతు నులుముతాడని ఇంకో మాట ఉంటుంది. వాలొంకర్ అంటే ఆ కథాలోకపు పాత భాషలో తమ్ముడు.

ఈ ఒక్క మాట మీద పాఠకులు పదేళ్లు బతికారు. సెర్సీకి మాత్రం అనుమానమే లేదు. తమ్ముడంటే మరుగుజ్జు టిరియనే అని తేల్చుకుని బతుకంతా వాణ్ణి ద్వేషించింది. జేమీ కూడా తమ్ముడేనని ఆవిడకి తట్టలేదు. కవలల్లో రెండోవాడు, అక్క మడమ పట్టుకుని పుట్టినవాడు, ఆవిడ ప్రాణంలో ప్రాణం. జోస్యాన్ని ఇలా అల్లడం ఒక విద్య. ఎవర్ని చూసి భయపడుతుందో వాణ్ణి శత్రువుగా చేసుకుంటుంది, ఎవర్ని చూసి భయపడాలో వాణ్ణి పక్కనే పెట్టుకుంటుంది.

సీరియల్ తీసినవాళ్లు ఆ వాక్యాన్ని ఎత్తేశారు. 2019 మే 12న వచ్చిన ఎపిసోడ్‌లో కోట కూలి, జేమీ కౌగిట్లోనే సెర్సీ రాళ్ల కింద పడి చచ్చిపోయింది. జేమీ చేతులు ఆవిడ మెడ దగ్గరే ఉన్నాయి కాబట్టి జోస్యం నిజమైనట్టేనని కొందరు వాదిస్తారు. టీవీకి టీవీ లెక్కలుంటాయి, ప్రతి మాటా తెర మీదికి రావాలని రూలేమీ లేదన్నది తీసినవాళ్ల పక్షాన వినిపించే మాట. సరే అనుకుందాం.

రెండు వారాల ముందు జరిగిన దాన్ని మాత్రం సరే అనుకోవడం కష్టం. ఏప్రిల్ 28 ఎపిసోడ్ మనకి సోమవారం పొద్దున్నే వచ్చింది. హాస్టల్ గదుల్లో మొహాలు కూడా కడుక్కోకుండా చూశారు. ఎన్నో సీజన్ల నుంచి ఊరిస్తూ వచ్చిన చచ్చినవాళ్ల సైన్యాధిపతి నైట్ కింగ్‌ని ఆర్యా అనే అమ్మాయి ఒక్క పోటుతో చంపేసింది. చంపకముందు మంత్రగత్తె మెలిసాండ్రా ఆమెకి పాత మాట గుర్తుచేస్తుంది: నువ్వు శాశ్వతంగా మూసే కళ్లు గోధుమరంగువి, పచ్చవి, నీలివి. నైట్ కింగ్ కళ్లు నీలివి కదా, ఒళ్లు జలదరించాలి. కానీ 2013లో మూడో సీజన్‌లో ఆవిడే చెప్పినప్పుడు వరస వేరు: గోధుమరంగు, నీలి, పచ్చ. నీలికళ్లు అప్పుడు మధ్యలో ఉన్నాయి, ఆరేళ్ల తర్వాత చివరికి జరిగాయి. చూసినవాళ్లు రెండు క్లిప్పులూ పక్కపక్కన పెట్టి పట్టుకున్నారు.

అంతకుముందు జోస్యం పాఠకుణ్ణి తప్పుదారి పట్టించేది, అంతే. మాటకి మనం ఇచ్చుకున్న అర్థమే తప్పయ్యేది గానీ మాట అలాగే ఉండేది. 2015లో మాటని వదిలేశారు, 2019లో వరస మార్చారు. అప్పటి నుంచి ఏ ఫాంటసీ చదివినా మొదటి అధ్యాయంలో అవ్వ నోరు తెరవగానే పాఠకుడు జేబు తడుముకుంటున్నాడు.

2015కి పన్నెండేళ్ల ముందే రచయితకీ పాఠకుడికీ మధ్య ఇంకో రకం ఒప్పందం నడిచింది. 2003 జూన్ 21న వచ్చిన హ్యారీ పాటర్ అయిదో పుస్తకంలో జోస్యం పూర్తిగా బయటపడింది. దుష్టమాంత్రికుడు వోల్డెమార్ట్‌ని ఓడించగలవాడు ఏడో నెల ముగిసే వేళ, వాణ్ణి మూడుసార్లు ఎదిరించిన దంపతులకి పుట్టే బిడ్డ. జులై 31న పుట్టిన హ్యారీకీ సరిపోతుంది, 30న పుట్టిన అతని సహపాఠి నెవిల్‌కీ సరిపోతుంది. చాటుగా విన్నవాడు సగమే విని మోశాడు, వోల్డెమార్ట్ ఆ సగాన్నే నమ్మి ఇద్దరిలో ఒకణ్ణి ఎంచుకుని మీదపడ్డాడు. అలా పడటం వల్లే జోస్యం హ్యారీకి అంటుకుంది. 2005లో ఆరో పుస్తకంలో హ్యారీ బడి హెడ్మాస్టర్ డంబుల్‌డోర్ ఇంకా తేటగా చెప్పేస్తాడు, మాంత్రికుల మంత్రిత్వశాఖలో దాచిన జోస్యాలన్నీ నెరవేరాయనుకుంటున్నావా అని. ఆ పుస్తకాలతో పెరిగిన పిల్లలు అయిదో పుస్తకం చదివి మోసపోయామని గోల చేయలేదు. లెక్క మొత్తం వాళ్ల ముందే వేసి చూపించారు మరి.

మన దగ్గర గుంటూరు జిల్లా నుంచి వెళ్లిన దాసరి సుబ్రహ్మణ్యం 1954లో చందమామలో 'తోకచుక్క'తో మొదలుపెట్టి ఏళ్లపాటు సీరియళ్లు రాశారు. నెలకో భాగం వచ్చే కథలో మంత్రం, మాయ, రాక్షసి ఏ నెలకా నెల తేలిపోతాయి. అక్కడ ఇలాంటి పేచీకి పెద్దగా చోటు లేదు.

పేచీ ఉన్నది భాగవతంలో. మేడ మీద మోసం అని అరిచినవాళ్లకి పెద్దన్న కంసుడే. దేవకి ఎనిమిదో బిడ్డ నిన్ను చంపుతాడని ఆకాశవాణి చెప్పింది. వసుదేవుడు మాట ప్రకారం మొదటి కొడుకు కీర్తిమంతుణ్ణి తెచ్చి అప్పగిస్తే, నాకు భయం ఎనిమిదోవాడితోనేనని కంసుడు బిడ్డని తిరిగి ఇచ్చేశాడు. ఇది చాలామంది మర్చిపోతారు. ఆ తర్వాత నారదుడు వచ్చాడు, గొల్లపల్లెలో నందుడి వాళ్లూ, ఈ యాదవులూ అంతా దేవతల అంశేనని చెప్పి వెళ్లాడు. పిల్లల్ని చంపడం అక్కడి నుంచి మొదలైంది. ఏడోది గర్భస్రావమన్నారు. ఎనిమిదోసారి చేతికి చిక్కింది ఆడపిల్ల. నేలకి కొట్టబోతే చేజారి ఆకాశానికి ఎగిరి, నిన్ను చంపేవాడు వేరేచోట పుట్టాడంది.

అప్పుడు కంసుడు అన్న మాట దశమ స్కంధం నాలుగో అధ్యాయంలో ఉంది. మనుషులే కాదు, దైవం కూడా అబద్ధమాడుతుంది, ఆ మాట నమ్మే నేను పాపిష్టివాణ్ణై చెల్లెలి పిల్లల్ని చంపుకున్నాను అంటాడు. నమ్మి మోసపోయిన పాఠకుడి గోడు అచ్చం ఇదే. ఆకాశవాణి మాత్రం ఒక్క అక్షరం తప్పలేదు. ఎనిమిదోవాడు రేపల్లెలో ఉయ్యాల ఊగుతున్నాడు.

విజయవాడ వాళ్లకి ఇంకో అలవాటు కూడా ఉంది, నవలలకి సంబంధం లేనిది. కృష్ణకి వరద వచ్చిన ప్రతిసారీ వీరబ్రహ్మేంద్రస్వామి పేరు మీద ఒక మాట ఫోన్లలో తిరుగుతుంది, కృష్ణమ్మ దుర్గమ్మ ముక్కుపుడకని తాకుతుందని. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.10 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడూ ఆ మాట ఊరంతా నలిగింది. 2024 సెప్టెంబరు మొదట్లో వరద 11.43 లక్షలు దాటినప్పుడైతే చెప్పనక్కర్లేదు. ఆ వారం సింగ్‌నగర్‌ని ముంచింది కృష్ణ కాదు, బుడమేరు వాగుకి పడ్డ గండ్లు. ఇంద్రకీలాద్రి మీద అమ్మవారు పొడిగానే ఉన్నారు. అయినా జోస్యం తప్పిందని ఎవరూ అనలేదు, ఇంకా టైం రాలేదన్నారు. కాలజ్ఞానానికి గడువు లేదు, పేజీల సంఖ్య లేదు. నవలకి ఆఖరి పేజీ ఉంటుంది, అందుకే రచయిత దొరికిపోతాడు.

మళ్లీ పటమటకి. అభ్యంతరం చెప్పినవాళ్లలో గట్టిగా మాట్లాడింది ఓ రిటైర్డ్ లెక్కల మాస్టారు. 'జవాబు వెనక పేజీలో ఉంటే సరిపోదు బాబూ, లెక్క చేసిన తీరు కనబడాలి' అన్నారాయన. న్యాయమైన మాటే. అయితే నాలుగో అధ్యాయంలో రాజు మారువేషంలో తిరుగుతూ కుమ్మరి సారె దగ్గర ఆగుతాడు. తడిమట్టి ముద్ద తీసుకుని బొటనవేలితో నొక్కి చూసి, 'ఇసుక ఎక్కువైంది, ఆరేటప్పుడు నెర్రెలిస్తుంది' అంటాడు. కుమ్మరి ఆశ్చర్యంగా చూస్తాడు, అంతే, కథ ముందుకెళ్లిపోతుంది. అంతఃపురంలో పెరిగినవాడికి మట్టి గుణం ఎలా తెలిసిందని మేడ మీద ఒక్కరే అడిగారు, ఓ నర్సింగ్ స్టూడెంటు. రచయిత ఆమెని చూసి నవ్వి ఊరుకున్నాడట. వేళ్లకి పుట్టుకతోనే మట్టి తెలుస్తుందా అని మాస్టారు ఎదురు అడిగారు. ఆ ప్రశ్న జోస్యం మీద కాదు, పాత్ర మీద. ఆ మాట అక్కడెవరూ అన్నట్టు లేదు.

అవ్వ జోస్యాన్ని కాస్త సడలించి రాయమనీ, 'కుమ్మరి కొడుకు' బదులు 'మట్టిలో పుట్టినవాడు' అంటే ఎవరికీ పేచీ ఉండదనీ గుంపు పెద్దలు సలహా ఇచ్చారు. కుర్రాడు ఒప్పుకోలేదు. రాతప్రతి మళ్లీ చేతులు మారుతోంది. ఈసారి నాలుగో అధ్యాయం నుంచి చదవమని చెప్పి ఇస్తున్నారు.