గాలిగోపురం చేరకముందే రొప్పు ఎందుకు?

అలిపిరి నుంచి గాలిగోపురం మీదుగా తిరుమలకు 3,550 మెట్లు. మొదటి అయిదారు వందల్లోనే చాలామందికి రొప్పు పట్టుకుంటుంది. "పైకి పోయేకొద్దీ గాలి పలచనవుతుంది నాయనా" అని పక్క మెట్టు మీద కూర్చున్న పెద్దాయన చెబుతాడు. గాలి పలచనయ్యే మాట నిజమే. కానీ తిరుమల ఎత్తు సముద్రమట్టానికి 850 మీటర్ల చిల్లరే. అక్కడ గాలి ఒత్తిడి తగ్గేది దాదాపు పదో వంతు. రొప్పుతున్న మనిషి ఆరోగ్యంగా ఉంటే, రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చెప్పే ఆక్సీమీటర్ వేలికి తగిలించినా 95 శాతం పైనే చూపిస్తుంది.

అంటే రక్తంలో ఆక్సిజన్‌కు కొదవేమీ రాలేదు. కాలి కండరాలు పనిలో పడి కార్బన్ డయాక్సైడ్‌ను గుప్పిస్తున్నాయి. మెదడు అడుగున ఉన్న శ్వాసకేంద్రం ముఖ్యంగా కాపలా కాసేది దాన్నే. అది పేరుకోకముందే, కండరాల నుంచి కబురు అందగానే ఊపిరి వేగం పెంచేస్తుంది. ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి ఆరేడు లీటర్లు లాగే మనిషి మెట్ల మీద నలభై, యాభై లీటర్లు లాగుతాడు. రొప్పులో సగం పని గాలి తెచ్చుకోవడమైతే, మిగతా సగం బయటికి తోసెయ్యడం. తంటాలన్నీ ఈ రెండో సగంలోనే.

ముక్కు నుంచి గాలి గొంతు దాటి, పది పన్నెండు సెంటీమీటర్ల శ్వాసనాళంలో దిగి, రెండుగా చీలుతుంది. అక్కడి నుంచి కొమ్మలు వేస్తూ వేస్తూ సుమారు ఇరవై మూడు చీలికల తర్వాత గాలి గదులకు చేరుతుంది. ఒక్కో గది మిల్లీమీటరులో అయిదో వంతు. అలాంటివి కోట్లలో ఉంటాయి. వాయువుల మార్పిడి జరిగేది అక్కడే. పైనున్న గొట్టాల్లో ఆగిపోయే 150 మిల్లీలీటర్లు ఎందుకూ కొరగావు. లెక్క వేసి చూడండి: అర లీటరు చొప్పున 12 ఊపిర్లు తీస్తే గదులకు చేరేది 4.2 లీటర్లు. పావు లీటరు చొప్పున 24 తీస్తే 2.4 లీటర్లే. లాగింది రెండుసార్లూ ఆరు లీటర్లే! గబగబా పైపైన రొప్పేవాడు త్వరగా అలిసిపోవడానికి ఇదొక కారణం. పెదాలు సన్నగా చేసి, ఊదినట్టు నిదానంగా వదిలితే తర్వాతి ఊపిరి దానంతటదే లోతుగా వస్తుంది.

శ్వాసనాళం మొదట చీలిన రెండు కొమ్మల్లో కుడివైపుది కొంచెం వెడల్పు, నిటారు కూడా. అందుకే పొలమారినప్పుడు జారినవి ఎక్కువగా అటే పోతాయి. చిత్తూరు పల్లెల్లో ఇంటింటా ఉండే శెనక్కాయల గింజ పసిబిడ్డ గొంతులో జారితే ఒక్కసారి గట్టిగా దగ్గి, తర్వాత సద్దుమణిగినట్టు కనిపించవచ్చు. ఆ నెమ్మది చూసి మోసపోకూడదు. ఊపిరి పీల్చినప్పుడు నాళం కాస్త విప్పారి గాలి గింజను దాటుతుంది. వదిలేటప్పుడు నాళం ముడుచుకుని దారి మూసుకుంటుంది. ఆ పక్క ఊపిరితిత్తి ఉబ్బిపోతుంది. గింజ ఎక్స్‌రేలో కనపడదు, ఈ ఉబ్బు మాత్రం కనపడవచ్చు. గింజలోని నూనెకు నాళం గోడ వాస్తుంది కాబట్టి ఆలస్యం చేసేకొద్దీ బ్రాంకోస్కోపీతో, అంటే నాళంలోకి సన్నటి గొట్టం దించి, తీయడం కష్టమవుతుంది.

ఉబ్బసంలోనూ ఇబ్బంది ప్రధానంగా వదలడంలోనే. మార్గశిరం, పుష్యం తెల్లవారుజామున నోటితో రొప్పుతూ ఎక్కితే, ముక్కు వెచ్చబెట్టని చల్లగాలి నేరుగా లోపలికి పోయి నాళాలు బిగుసుకుంటాయి. వదిలేటప్పుడు పిల్లికూతలు వినిపిస్తాయి. డాక్టరు నాళాలను సడలించే సాల్బుటమాల్ ఇన్హేలర్ రాసిచ్చి, ఎక్కే ముందు వాడమని చెప్పి ఉంటే, పదిహేను నిమిషాల ముందు కొట్టుకోవాలి. కుదిపి, ఊపిరంతా వదిలి, నిదానంగా పీల్చడం మొదలెట్టగానే నొక్కి, పది సెకన్లు బిగబట్టాలి. చాలామంది ముందు నొక్కి తర్వాత పీలుస్తారు. మందంతా నాలుక మీదే పడుతుంది. నొక్కడం, పీల్చడం ఆ తాళంలో కుదరనివాళ్లకు స్పేసర్ ఉంది, ఇన్హేలర్‌కు తగిలించుకునే బోలు గొట్టం. చాలా రోజులుగా సంచిలో పడి ఉన్న ఇన్హేలరైతే ముందు ఒకటి రెండుసార్లు గాలిలోకి కొట్టి చూసుకోవాలి. మొదటి నొక్కులో మందు సరిగా రాకపోవచ్చు.