కార్తూస్ సాబ్ రాసిన యుద్ధాలు

ప్రియమైన పిల్లలకు,

మేజర్ జనరల్ ఇయాన్ కార్డోజో గురించి ఫోన్‌లో ఒక వీడియో చూశామని, అదంతా నిజమేనా అని అడిగారు. నిజమే. 1971లో పాకిస్తాన్‌తో జరిగిన యుద్ధంలో మందుపాతర పేలి ఆయన కాలు ఛిద్రమైపోయింది. నొప్పి తెలియకుండా ఇచ్చే మందు లేదు, కోయడానికి పరికరాలు లేవు. తన కుక్రీ, అంటే గూర్ఖాల వంకర కత్తి, తెప్పించి, కాలు కోసెయ్యమని సహాయకుడికి చెప్పారు. పాపం, అతనికి చేతులు రాలేదు. దాంతో ఆయనే కోసుకున్నారు. వీడియోలన్నీ అక్కడితో ఆగిపోతాయి, నాకు బాధ అక్కడే. ఆయన జీవితంలో అది ఒక్క రోజు.

1937లో బొంబాయిలో పుట్టారు. నేషనల్ డిఫెన్స్ అకాడమీలో బంగారు, వెండి పతకాలు రెండూ గెలిచిన మొదటి క్యాడెట్ ఆయనే. గూర్ఖా రెజిమెంట్‌లో చేరాక, కార్డోజో అనడానికి నోరు తిరగక జవాన్లు ‘కార్తూస్ సాబ్’ అని పిలుచుకున్నారు. కార్తూస్ అంటే తూటా. 1971లో తమిళనాడులోని వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీలో చదువుతుండగా, తన బెటాలియన్‌లో (కొన్ని వందల మంది సైనికులుండే దళం) ఉప కమాండర్ చనిపోయారని, ఆ స్థానంలోకి వెంటనే వెళ్లమని ఆర్డరు వచ్చింది.

ఆ బెటాలియన్ డిసెంబర్ 7న హెలికాప్టర్లలో, ఇప్పటి బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ దగ్గర దిగింది. మన సైన్యం శత్రువు వెనక్కి అలా హెలికాప్టర్లలో దిగడం అదే మొదటిసారి. ఇక్కడ కొంచెం జాగ్రత్తగా చదవండి. దిగింది ఒక్క బెటాలియన్. బ్రిగేడ్ దిగిందని బీబీసీ రేడియోలో పొరపాటున వార్త వచ్చింది. బ్రిగేడ్ అంటే మామూలుగా మూడు బెటాలియన్లు. ఆ వార్త మనవాళ్లూ విన్నారు, పాకిస్తాన్ వాళ్లూ విన్నారు. మనవాళ్లు నిజంగానే బ్రిగేడ్ ఉన్నట్టు కనిపించేలా విస్తరించి మోహరించారు. తిండి, మందుగుండు సరిగా అందకపోయినా రోజుల తరబడి అలాగే నిలబడ్డారు. చివరికి అవతల లొంగిపోయిన వాళ్లలో ముగ్గురు బ్రిగేడియర్లే ఉన్నారు! ధైర్యం ఒక్కటే యుద్ధాన్ని గెలిపించదనీ, ఒక తప్పుడు వార్త కూడా లెక్కలు మార్చేస్తుందనీ మనకు తెలిసిందంటే, అక్కడున్న కార్డోజో పూసగుచ్చినట్టు చెప్పబట్టే.

కాలు పోయింది ఈ లొంగుబాటు తర్వాతే. ఆయనే కోసుకున్న ఆ కాలికి తర్వాత ఆపరేషన్ చేసింది యుద్ధఖైదీగా ఉన్న పాకిస్తానీ సర్జన్, మేజర్ మహమ్మద్ బషీర్. కార్డోజో మొదట ఒప్పుకోలేదు, పైఅధికారి చెబితే సరేనన్నారు. ఆ డాక్టరు పని బాగా చేశారని, ఆయనకు థాంక్స్ చెప్పుకోలేకపోయానని తర్వాత ఎన్నోసార్లు అన్నారు. శత్రువు చేసిన మేలు దాచకుండా పేరు పెట్టి చెప్పే ఈ గుణం లేకపోతే ఎవరూ చరిత్ర రాయలేరని నా నమ్మకం.

కాలు లేనివాడికి బెటాలియన్ ఇవ్వం అన్నారు పైవాళ్లు. ఆయన కృత్రిమ కాలుతో పరిగెత్తి, రెండు కాళ్లున్న ఆఫీసర్లను కూడా దాటి చూపించారు. అలా బెటాలియన్‌కీ, తర్వాత బ్రిగేడ్‌కీ కమాండర్ అయ్యారు. యుద్ధంలో అంగవైకల్యం వచ్చాక కూడా అలా కమాండర్ అయిన భారతీయ అధికారుల్లో మొదటివారు ఆయనే. సేనా మెడల్, అతి విశిష్ట సేవా పతకం అందుకున్నారు.

రిటైరయ్యాక కలం పట్టారు. పట్టి ఎవరి గురించి రాశారనుకున్నారు? తన గురించి కాదు. ముందు పరమవీర చక్ర పొందిన వాళ్ల గురించి రాశారు. తర్వాత ఐఎన్‌ఎస్ ఖుక్రీ అనే మన యుద్ధనౌక గురించి. 1971 డిసెంబర్ 9 రాత్రి, డయ్యూకి దూరంగా సముద్రంలో పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ ఆ ఓడను ముంచేసింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడను వదలకుండా దానితోపాటే మునిగిపోయారు. ఆ రాత్రి బతికి బయటపడ్డ వాళ్ల మాటలతో కార్డోజో ఆ పుస్తకం అల్లారు. ఆర్మీ మనిషి నేవీ వాళ్ల కథ కోసం అంత తపన పడటం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. సర్కారు రిపోర్టులో ఓడ ఎప్పుడు మునిగిందో ఉంటుంది. నీళ్లలో పడ్డవాడు ఏం చూశాడో, పక్కవాడు ఏమన్నాడో అతను పోతే అతనితోనే పోతుంది.

సొంత కథ ఎనభై దాటాకే పుస్తకంగా తెచ్చారు. మీరు ఆ వీడియో చూశారు కాబట్టి దానికే ఎగబడతారని తెలుసు. కానీ ముందు ఖుక్రీ పుస్తకం చదవండి. ఇంగ్లీషులోనే ఉంది, డిక్షనరీ పక్కన పెట్టుకుంటే ఇబ్బంది ఉండదు. ఒకే సంఘటనను ఇద్దరు వేరువేరుగా చెప్పిన చోటు కనిపిస్తే గుర్తుపెట్టుకుని నాకు రాయండి.

మీ తాతయ్య