ఉద్యోగానికి వీడ్కోలు: అపోహలు - వాస్తవాలు

ఔషధ తయారీ సంస్థలో మానవ వనరుల విభాగంలో 16 ఏళ్లు పనిచేసి ఈ నెలాఖరున తప్పుకుంటున్నాను. ఇన్నేళ్లూ ఇతరుల రాజీనామా పత్రాలు అందుకుని, వారి లెక్కలు తేల్చి, రిలీవింగ్ లెటర్ ఇచ్చి పంపిన నేను ఇప్పుడు నా పత్రాన్ని నేనే రాసుకున్నాను. వెళ్లేవారి నోట తరచుగా విన్న కొన్ని మాటలను ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: హోదా పెరగకపోతే ఆ ఉద్యోగంలో ఎదగనట్టే.

వాస్తవం: నాణ్యతా పరీక్షల విభాగంలో, మందులోని పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం మీద తొమ్మిదేళ్లు పనిచేసిన ఒక కెమిస్ట్, వెళ్లిపోయే ముందు నా ఎదుట కూర్చుని, "అదే హెచ్‌పీఎల్‌సీ యంత్రం, అవే పరీక్షలు మేడమ్, నేర్చుకున్నదేమీ లేదు" అన్నారు. తన తర్వాత వచ్చే అమ్మాయి కోసం తెలిసినదంతా కాగితం మీద పెట్టమని అడిగాను. ఆ యంత్రంలో పదార్థాలను విడదీసే గొట్టమైన కాలమ్‌లో పీడనం పెరిగితే ముందుగా ఎక్కడ చూడాలో, ఉప్పులున్న బఫర్ ద్రావణం వాడిన తర్వాత మొదట నీరు ఎక్కువగా ఉన్న ద్రావణంతో కడగకుండా నేరుగా అసిటోనైట్రైల్ అనే ద్రావకం పంపితే ఉప్పు గడ్డకట్టి కాలమ్ ఎలా పాడవుతుందో, ఫలితం తేడాగా వచ్చినప్పుడు నమూనాను అనుమానించే ముందు తన పనిని ఏ వరుసలో సరిచూసుకోవాలో ఆయన రాసుకుంటూ పోయారు. పదకొండు పేజీలయ్యాయి. వాటిని నాకు అందిస్తూ, "ఇదంతా నాకు తెలుసని నాకే తెలియదు" అన్నారు. జీతం చీటీలో కనిపించని ఎదుగుదల బాధ్యతలు అప్పగించేటప్పుడు బయటపడుతుందని నేను ఆ రోజు గ్రహించాను. అందుకే అప్పటి నుంచి, వెళ్లే ప్రతి ఒక్కరినీ అప్పగింత పత్రం స్వయంగా రాయమని కోరుతూ వచ్చాను.

అపోహ: రాజీనామా ఇచ్చాక నోటీసు కాలం కేవలం రోజులు లెక్కపెట్టుకోవడానికే.

వాస్తవం: మనం లేకుండా ఆ పని నడిచేలా చేసేందుకు మిగిలిన గడువు అదే. మన పని నేర్చుకునే వ్యక్తి పక్కన కూర్చుని, వారు తడబడినా చేయి పెట్టకుండా ఓపికగా చూడగలగడం కూడా నేర్చుకోవలసిన విద్యే.

అపోహ: ఉద్యోగం మానితే పీఎఫ్ సొమ్మంతా తీసేసుకోవాలి, ఏళ్ల సేవకు సంస్థ ఇచ్చే గ్రాట్యుటీ సొమ్ము పదవీ విరమణ చేసినవారికే వస్తుంది.

వాస్తవం: పీఎఫ్‌తో ముడిపడి ఉన్న 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకంలో నెలవారీ పింఛను అందాలంటే సాధారణంగా కనీసం 10 ఏళ్ల సర్వీసు ఉండాలి. అంతకుముందే పింఛను వాటాను వెనక్కి తీసుకుంటే అప్పటివరకు చేసిన సర్వీసు లెక్కలోకి రాదు. అదే యూఏఎన్ (సంస్థ మారినా మారని పీఎఫ్ సభ్యుల సంఖ్య) ద్వారా ఖాతాను కొత్త సంస్థకు బదిలీ చేయించుకుంటే పాత సర్వీసు కొత్తదానితో కలుస్తుంది. ఇక గ్రాట్యుటీ 1972లో చేసిన చట్టం ద్వారా వచ్చిన హక్కు. శాశ్వత ఉద్యోగి 5 ఏళ్ల నిరంతర సర్వీసు పూర్తిచేసి రాజీనామా చేసినా అది అందుతుంది. అందుకు లెక్కించే చివరి నెల వేతనాన్ని 26తో భాగించి, 15తోనూ సర్వీసు సంవత్సరాలతోనూ గుణిస్తారు.

అపోహ: వెళ్లేటప్పుడు బాధ కలిగితే నిర్ణయం తప్పని అర్థం.

వాస్తవం: ఇష్టపూర్వకంగా, మంచి అవకాశం కోసం వెళ్తున్నవారు కూడా ఐడీ కార్డు బల్లమీద పెట్టి కాసేపు దాన్నే చూస్తూ కూర్చోవడం నేను ఎన్నోసార్లు చూశాను. ఏళ్ల తరబడి రోజూ కలిసి భోజనం చేసిన మనుషులను విడిచి వెళ్లేటప్పుడు కలిగే దుఃఖం వేరు, నిర్ణయం మీద సందేహం వేరు.

నా అప్పగింత పత్రం నిన్న రాత్రి పూర్తయింది. జీతాల లెక్కలకు, హాజరు పట్టికలకు రెండు పేజీలే సరిపోయాయి. చేరిన కొత్తలో నేను, ఎదుటివారు ముగించకముందే సమాధానం చెప్పేసేదాన్ని. ఇప్పుడు ఆ పత్రంలో అన్నిటికంటే పెద్ద భాగం, ఫిర్యాదుతో వచ్చిన మనిషి చెప్పేది చివరిదాకా ఎలా వినాలన్న దాని గురించే ఉంది.