మెయిన్ ఆపేశాం కదా, ఇంకేం భయం? (జనరేటర్లు: అపోహలు - వాస్తవాలు)

2014 అక్టోబరులో హుద్‌హుద్ తర్వాత విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు చిన్న జనరేటర్ తెచ్చుకున్న ప్రతివాళ్లూ అడిగేది ఒకటే.

అపోహ: మెయిన్ ఆపేసి, జనరేటర్ వైరును ఏదో ఒక ప్లగ్గులో పెడితే ఇల్లంతా వెలుగుతుంది.

వెలుగుతుంది. అందుకే ఈ అపోహ చావదు. రెండు చివరలా పిన్నులున్న ఆ వైరు గోడలోంచి ఊడిందా, బయటికి కనిపించే పిన్నుల మీద 230 వోల్టులుంటాయి. అది చిన్న ప్రమాదం. పెద్దది వీధిలో ఉంది. మెయిన్ ఆపడం మరిచిపోయినా, తెలియక ఇంకెవరైనా ఆన్ చేసినా కరెంటు సర్వీసు వైరు మీదుగా ట్రాన్స్‌ఫార్మర్‌కు చేరుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఎటు నుంచి ఇచ్చినా పనిచేస్తుంది: ఇటు 230 వెళ్తే అటు 11,000 వోల్టులు లేస్తాయి. వీధి లోడంతా మీద పడితే చిన్న జనరేటర్ ట్రిప్ అవుతుంది, నిజమే. కానీ తీగలు తెగి ఆ ట్రాన్స్‌ఫార్మర్ మీద నాలుగిళ్లే మిగిలాయనుకోండి, హాయిగా నడుస్తుంది. స్తంభం మీద లైన్‌మన్ ఉంటాడు. లైను పట్టుకునే ముందు అతను దాన్ని ఎర్త్ చేసుకోవాలి (భూమికి కలుపుకోవాలి), ఒప్పుకుంటాను. చేసుకోలేదనుకోండి, ఆ పొరపాటుకు ప్రాణం తీస్తామా?

పైగా మెయిన్ ఆన్‌లో ఉండగా అసలు కరెంటు తిరిగొస్తే రెండు సప్లైల ఫేజులు (అలల సమయం) కలవవు. జనరేటర్ వైండింగ్ కాలిపోతుంది.

దీనికి మందు ఛేంజోవర్ స్విచ్. ఒకే హ్యాండిల్, మూడు స్థానాలు: మెయిన్, ఆఫ్, జనరేటర్. రెండూ ఒకేసారి కలవడానికి దాని నిర్మాణమే ఒప్పుకోదు, మనిషి జ్ఞాపకంతో పనిలేదు. సింగిల్ ఫేజ్ ఇంటికి రెండు పోల్‌లది (స్విచ్ కలిపి విడదీసే ఒక్కో వైరుకు ఒక పోల్), మూడు ఫేజులు, న్యూట్రల్ ఉండే అపార్ట్‌మెంటుకు నాలుగు పోల్‌లది పెట్టాలి. ఉదాహరణకు అపార్ట్‌మెంటులో 62.5 కేవీఏ (జనరేటర్ సామర్థ్యానికి కొలత) సెట్టు ఉంటే, అది 415 వోల్టుల దగ్గర సుమారు 87 ఆంపియర్లు ఇస్తుంది, కాబట్టి 125 ఆంపియర్ల స్విచ్ తీసుకోండి. జనరేటర్ స్టార్ట్ చేశాక వోల్టేజీ, 50 హెర్ట్జ్ నిలకడగా ఉన్నాయని చూసి హ్యాండిల్ తిప్పాలి. మెయిన్ వచ్చాక తిరిగి మార్చి, మూడు నుంచి ఐదు నిమిషాలు లోడు లేకుండా నడిపి ఆపాలి.

"న్యూట్రల్‌కు నాలుగో పోల్ దండగ" అనే ఎలక్ట్రీషియన్లున్నారు. రెండు సప్లైల న్యూట్రల్‌లు (కరెంటు తిరిగి వెళ్లే తీగలు) కలిసే ఉంటే, కరెంటు లీకైతే ఆపేసే ఎర్త్ లీకేజీ బ్రేకర్లు ఊరికే పడిపోతుంటాయి. ఆ న్యూట్రల్ కాంటాక్టు వదులైతే మాత్రం ఒక ఫేజు మీది ఫ్లాట్లకు 400 వోల్టుల దాకా వెళ్లి టీవీలు, ఫ్రిజ్‌లు పోతాయి. స్క్రూలు బిగించి ఉన్నాయో లేదో ఏటా చూడాలి. జనరేటర్ న్యూట్రల్‌కు రెండు, బాడీకి రెండు వేర్వేరు ఎర్త్ పిట్‌లు ఉండాలి.

అపోహ: జనరేటర్‌ను తనంతట తానే స్టార్ట్ చేసి సప్లై మార్చే ఆటోమేటిక్ ప్యానెల్ ఉంటే కరెంటు పోయినట్టే తెలియదు.

తెలుస్తుంది. ప్యానెల్ కాసేపు చూసి, ఇంజన్ తిప్పి, వోల్టేజీ కుదిరాక మార్చేసరికి పది, పదిహేను సెకన్లు. ఆ సందుకు యూపీఎస్ కావాలి. కరెంటు వచ్చాక కూడా కొన్ని నిమిషాలు ఆగి గానీ మెయిన్‌కు మారదు, వాచ్‌మన్ మీద అరవకండి. అసలు స్టార్టే కాకపోతే ముందు బ్యాటరీ చూడండి: ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టులుండి, ఇంజన్ తిప్పేటప్పుడు 9.6కు దిగిపోతే మార్చేయాలి.

అపోహ: 62.5 కేవీఏ అంటే 62.5 కిలోవాట్లు. కాదు, 0.8 పవర్ ఫ్యాక్టర్‌తో (కేవీఏలో నిజంగా పనికొచ్చే వంతు) 50 కిలోవాట్లు. నేరుగా స్టార్టయ్యే నీళ్ల మోటారు మొదట ఆరు రెట్లు కరెంటు లాగుతుంది. లిఫ్టునూ దాన్నీ ఒకేసారి ఎక్కించకండి.

అపోహ: ఎంత పెద్దదైతే అంత మేలు. 30 శాతం లోడు కూడా లేకుండా నడిపితే డీజిల్ సరిగా మండక సైలెన్సర్‌లోంచి నల్లటి జిడ్డు కారుతుంది. నెలకోసారి అరగంట అసలు లోడు మీదే నడపండి.

బాల్కనీలో, మెట్ల కింద, సెల్లార్‌లో చిన్న జనరేటర్ పెట్టవద్దు. కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు. కిటికీలకు కనీసం ఆరు మీటర్ల దూరంలో ఆరుబయట పెట్టండి.

ఇంట్లో ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ మీద ఉన్న పెద్దవాళ్లుంటే మీ కంగారు అర్థమవుతుంది. అపార్ట్‌మెంటు జనరేటర్‌ను నమ్ముకోవద్దు. ఐదు లీటర్లది సుమారు 350 వాట్లు తీసుకుంటుంది. దానికి విడిగా ఇన్వర్టర్ పెట్టి, పక్కనే నింపిన సిలిండరు, రెగ్యులేటరుతో సహా సిద్ధంగా ఉంచండి.