డేట్ వచ్చింది సరే, అండం విడుదలైందా?

సంక్రాంతికి ముందు పీలేరు నుంచి తిరుపతిలో మా ఆస్పత్రికి, కోడలికి కడుపు పండలేదని అత్తాకోడళ్లు వచ్చారు. సంచి నిండా రెండేళ్ల రిపోర్టులు. అన్నిటిమీదా పీసీఓడీ (అండాశయంలో అండాలు సరిగా ఎదగక ఆగిపోయే సమస్య) అనే ఉంది. అత్త మాట ఒకటే: "మాత్రలేస్తే నెలనెలా డేట్ వస్తాది మేడమ్, ఇంక లోపమేముంది?"

అపోహ: మాత్రలతో డేట్ వస్తే అండం విడుదలవుతున్నట్టే.

వాస్తవం: కొండకు పోయే ముందు డేట్ జరుపుకోవడానికి మాత్రలు వేసుకుంటాం కదా, ఆపిన రెండు మూడు రోజులకు వచ్చేస్తుంది. కోడలు వాడేవీ ఆ జాతివే. వాటిలో ఉండేది గర్భసంచి పొరను నిలబెట్టే ప్రొజెస్టిరాన్ లాంటి హార్మోన్, ఒంట్లో అది తగ్గగానే ఆ పొర రాలుతుంది. ఆ నెలంతా అండాశయం నిద్రపోయినా రాలుతుంది.

అపోహ: డేట్ మొదలైన 21వ రోజు రక్తంలో ప్రొజెస్టిరాన్ తక్కువుంటే అండం రాలేదు.

వాస్తవం: అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరాన్ ఒంట్లోనే పెరుగుతుంది, అందుకే ఈ పరీక్ష. కానీ 21వ రోజు లెక్క 28 రోజులకోసారి డేట్ వచ్చేవాళ్లకే. 35 రోజులకు వచ్చేవాళ్లు 28వ రోజున చూపించుకోవాలి, అంటే రాబోయే డేట్‌కి వారం ముందు. మిల్లీలీటరు రక్తంలో 3 నానోగ్రాములు దాటితే అండం విడుదలైనట్టు. తప్పు రోజున తీసిన రక్తం చూసి ఏడ్చినవాళ్లు ఎంతమందో!

అపోహ: అండం ఎదగడానికి రాసే లెట్రోజోల్ క్యాన్సర్ మాత్ర.

వాస్తవం: మొదట రొమ్ము క్యాన్సర్‌కే వచ్చింది, నిజమే. సంతానలేమికి వాడకూడదని మన దేశంలో 2011లో నిషేధించారు, 2017లో ఎత్తేశారు. ఐదు రోజులు వేస్తే ఈస్ట్రోజన్ కాస్త తగ్గి, మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథి అండాన్ని ఎదిగించే ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్‌ని పెంచుతుంది, అండం ఎదుగుతుంది. పీసీఓడీలో ఇప్పుడు ముందు రాసేది ఇదే. స్కానింగ్‌లో "నీటి బుడగలు" అనేవి ఎదగక ఆగిపోయిన అండకోశాలు, కోసి తీసేవి కావు.

అపోహ: డేట్ క్రమం తప్పితే పీసీఓడీనే.

వాస్తవం: ఎక్కువమందిలో అదే. కానీ థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాలు పడేలా చేసే హార్మోన్) చూడకుండా ఆ ముద్ర వేయకూడదు. కోడలికి థైరాయిడ్ బాగుంది, ప్రొలాక్టిన్ మాత్రం రెట్టింపు. సంచి అడుగున సగం ఖాళీ అయిన గ్యాస్ క్యాప్సూళ్ల అట్ట కనిపించింది. రోజూ పరగడుపున ఒకటి వేసుకుంటోందట. అందులో డాంపెరిడోన్ ఉంది.

"గ్యాస్ మాత్రకీ కడుపు పండడానికీ ఏం సంబంధం మేడమ్?" అంది అత్త. డాంపెరిడోన్ ప్రొలాక్టిన్‌ని పెంచుతుంది. అది పెరిగితే అండాన్ని ఎదిగించే సంకేతాలు మెదడులోనే అణిగిపోతాయి. వారం ఆపించి, ఉదయం కాసేపు కూర్చోబెట్టి మళ్లీ రక్తం తీయించాం. మామూలుకు దిగింది. ప్రొలాక్టిన్‌ని తగ్గించే క్యాబర్గోలిన్ మాత్ర రాయాల్సిన పని పడలేదు. నలభై రోజులకు డేట్ దానంతటదే వచ్చింది, ఏ మాత్రా లేకుండా.