‘ఆకలేస్తే అదే తింటుంది’: చిట్టి కుక్కల దత్తతలో అపోహలు – వాస్తవాలు

కిలో, కిలోన్నర బరువున్న కుక్కను రెస్క్యూ (వదిలేసిన కుక్కలను చేరదీసే చోటు) నుంచి ఇంటికి తెచ్చుకున్నవాళ్ళు మొదటి వారంలో చేసే ఫోన్లు చాలావరకు ఒకేలా ఉంటాయి. “నిన్నటి నుంచి ఏమీ ముట్టట్లేదండీ. కొత్త కదా, ఆకలేస్తే అదే తింటుందని ఊరుకున్నాం.” ఎవరో పెద్ద కుక్కను పెంచిన అనుభవంతో ఆ సలహా ఇచ్చి ఉంటారు. ముప్పై కిలోల కుక్కకు అది చెల్లుతుంది. చిట్టి కుక్కకు ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే ఈ ఒక్క అపోహ గురించి వివరంగా చెప్తాను, మిగతావి చివర్లో గబగబా ముగిస్తాను.

అపోహ: ఆకలేస్తే అదే తింటుంది

ఆకలి రుచెరగదన్న సామెత ఇక్కడ పనిచేయదు. పెద్ద కుక్క ఒక పూట తినకపోతే లివర్‌లో నిల్వ ఉన్న గ్లైకోజన్ కరిగి రక్తంలో షుగర్‌ను నిలబెడుతుంది. అది తగ్గేకొద్దీ కొవ్వు, కండ ఆదుకుంటాయి. కిలో బరువు కుక్కపిల్లకు ఆ నిల్వే బహు తక్కువ, కొవ్వు అంతంతమాత్రం. మెదడు మాత్రం ఒంటితో పోలిస్తే పెద్దది, దానికి గ్లూకోజ్ ఆగకుండా అందాలి. పైగా కొత్త ఇంటి బెదురు, చలి, కడుపులో పురుగులు, విరేచనాలు ఉన్న కాస్త షుగర్‌నూ త్వరగా ఖర్చు చేసేస్తాయి. కొన్ని గంటల్లోనే అది డెసిలీటరుకు 60 మిల్లీగ్రాముల కిందికి దిగిపోవచ్చు.

అసలు చిక్కు ఆ తర్వాతే. షుగర్ బాగా పడ్డాక కుక్క మందకొడిగా అయిపోయి గిన్నె వైపు చూడటమే మానేస్తుంది. తినక షుగర్ పడుతుంది, షుగర్ పడి తినదు. మీరు ఎదురుచూస్తున్న ఆకలి రానే రాదు.

నాలుగు నెలల లోపు కుక్కపిల్లలకు ఈ ప్రమాదం అందరికంటే ఎక్కువ. ఆరోగ్యంగా, కాస్త ఒళ్ళున్న పెద్ద వయసు చిట్టి కుక్క రాత్రంతా తినకపోయినా సాధారణంగా తట్టుకుంటుంది. కానీ రెస్క్యూ నుంచి వచ్చేది చాలాసార్లు బక్కచిక్కి, పళ్ళు పాడై, ఏదో జబ్బు నుంచి కోలుకుంటూ ఉంటుంది. వయసెంతైనా దాన్ని పిల్లతో సమానంగానే చూడండి.

మొదటి గుర్తులను ఇంట్లోవాళ్ళు తరచూ అలసట అనుకుంటారు. కుక్క నిలబడే ఉంటుంది, తల మెల్లగా కిందికి వాలుతుంది, ఉలిక్కిపడి లేపుతుంది, మళ్ళీ వాలుతుంది. వెనక కాళ్ళు ఎడంగా జారిపోతుంటాయి. పాపం నిద్రొస్తోందని దుప్పటి కప్పి పడుకోబెడతారు. అలా చేసే ముందు చెవి దగ్గర చిటిక వేయండి. నిద్రమత్తులో ఉన్నదైతే చెవి కదిలించి, కళ్ళు తెరిచి మిమ్మల్ని చూస్తుంది. షుగర్ పడినదానికి చూపు ఎక్కడా నిలవదు. పై పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ళు తరచుగా పాలిపోయి ఉంటాయి, పాదాలు చల్లగా తగులుతాయి. తర్వాత వచ్చేవి ఫిట్స్, స్పృహ తప్పడం.

అప్పుడు చేయాల్సింది ఇదీ. తేనె గానీ గ్లూకోజ్ సిరప్ గానీ కిలో బరువుకు సుమారు 1 ఎం.ఎల్. చొప్పున వేలికి తీసుకుని చిగుళ్ళకు, పెదవుల లోపలి వైపు రుద్దండి. స్పూనుతో గొంతులో పోయకండి. మింగలేని స్థితిలో ఉన్న కుక్కకు అది ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది, షుగర్ నుంచి బయటపడినా న్యుమోనియా పట్టుకుంటుంది. ఫిట్స్ వస్తుంటే పళ్ళ మధ్య వేలు పెట్టకుండా పెదవి అంచు కింద మాత్రమే రాయండి. టవల్‌లో చుట్టి వెచ్చగా ఉంచండి. సాధారణంగా 5 నుంచి 10 నిమిషాల్లో తేరుకుంటుంది. తేరుకుని, తనంతట తాను మింగగలుగుతుంటే వెంటనే రెండు మూడు చెంచాల మెత్తని మాంసాహారం పెట్టి వెటర్నరీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. తేరుకోకపోతే ఇంట్లో ఆగకండి, దారిలో 5 నిమిషాలకోసారి మళ్ళీ రాస్తూ వెళ్ళండి. తేరుకుంది కదా అని ప్రయాణం మానుకోవడం తరచూ జరిగే పొరపాటు. చిగుళ్ళకు రాసిన తేనె ప్రభావం కాసేపే. వెనకాలే ప్రోటీన్, కొవ్వు ఉన్న తిండి పడకపోతే షుగర్ మళ్ళీ జారిపోతుంది.

వాడే సిరప్ లేబుల్ మీద ‘షుగర్ ఫ్రీ’ అని ఉంటే దాన్ని తాకనే వద్దు. అందులో చక్కెరకు బదులు వాడే జైలిటాల్ అనే తీపి పదార్థం ఉండొచ్చు. కిలో బరువుకు 0.1 గ్రాము జైలిటాల్ చాలు, కుక్క ఒంట్లో ఇన్సులిన్ ఒక్కసారిగా విడుదలై షుగర్ కుప్పకూలడానికి. 0.5 గ్రాము దాటితే లివర్ దెబ్బతినే ప్రమాదం. చ్యూయింగ్ గమ్, కొన్ని టూత్‌పేస్టులు, కొన్ని పీనట్ బటర్లలో కూడా ఇది ఉంటుంది.

“అలాగైతే రోజూ నీళ్ళలో చక్కెర కలిపి పెడతాం” అంటారు. వద్దు. తీపి పడ్డ వెంటనే ఇన్సులిన్ పెరిగి షుగర్ మళ్ళీ దిగుతుంది, తీపి నీళ్ళతో కడుపు నిండి అసలు తిండి మానేస్తుంది. ఎప్పుడూ ఇరుకుగా ఉండే ఆ పళ్ళూ ఇంకా పాడవుతాయి. నివారణ అంటే వేళకు తిండి, అంతే.

ఆ తిండి ఎలా? ఇంటికి తెచ్చుకునే రోజే అక్కడ ఏ తిండి, ఎన్ని గ్రాములు, ఏ వేళకు పెట్టారో రాయించుకోండి. అదే తిండి కనీసం వారానికి సరిపడా తెచ్చుకోండి. మార్చాలనుకుంటే అది కుదురుకున్నాక, 7 రోజుల్లో నెమ్మదిగా, నాలుగో వంతు కొత్తదానితో మొదలుపెట్టి మార్చండి. కిలో లోపు పిల్లకు 3, 4 గంటలకోసారి పెట్టాలి. పడుకునే ముందు ఒకసారి, మధ్యరాత్రి ఒకసారి, తెల్లవారగానే ఒకసారి తప్పనిసరి. పెద్ద వయసు చిట్టి కుక్కలకు రోజుకు మూడు, నాలుగు పూటలు చాలు. తిండిని గోరువెచ్చగా చేస్తే వాసన లేస్తుంది. లోతు గిన్నె కాకుండా చదునైన సాసర్‌లో, ఇంటి సందడికి దూరంగా ఓ మూలన పెట్టి మీరు పక్కకు తప్పుకోండి. చాలా బెదురు కుక్కలు మనిషి చూస్తుండగా తినవు. సిరంజితో బలవంతంగా నోట్లోకి ఎక్కించడం మాత్రం డాక్టర్ చూపిస్తే తప్ప చేయకండి. ఊపిరితిత్తుల భయం ఒకటి, ఆ తిండి మీదే విరక్తి పుట్టడం ఇంకొకటి.

కిలో బరువు కుక్క ఒళ్ళు కేవలం విశ్రాంతిలో ఉండటానికే రోజుకు సుమారు 70 కేలరీలు అడుగుతుంది, రెండు కిలోలదైతే సుమారు 118. పిల్లలకు ఎదుగుదల కోసం ఇంకా ఎక్కువ కావాలి. ఒక 20 కేలరీల బిస్కెట్ పెడితే ఎంత చోటు పోయిందో చూసుకోండి.

వంటింటి డిజిటల్ తూకం ఒకటి ఉండాలి. రోజూ ఒకే వేళకు, తినడానికి ముందు, గ్రాముల్లో తూచి రాయండి. చేతికి 50 గ్రాముల తేడా తెలియదు, కానీ కిలో కుక్కలో అది 5 శాతం. 10 శాతం తగ్గితే ఆ రోజే డాక్టర్‌కు చూపించాలి. నా కొలత ఇదీ: పిల్ల వరసగా రెండు పూటలు మానేస్తే డాక్టర్‌కు ఫోన్ చేయండి, పెద్ద వయసుది 12 గంటలు ఏమీ తినకపోతే ఫోన్ చేయండి. వాంతులు, విరేచనాలు తోడైతే ఇంకో పూట కూడా చూడొద్దు. అనవసరంగా విసిగిస్తున్నామేమో అనుకోకండి. ఈ సైజు కుక్కకు భయపడి ముందే ఫోన్ చేసినవాళ్ళే సరైన పని చేసినట్టు.

వేళకు తింటున్నా షుగర్ పదేపదే పడిపోతుంటే అది చిన్నది కాబట్టి అని సరిపెట్టుకోకండి. లివర్ షంట్ ఉందేమో చూడాలి, అంటే రక్తం లివర్‌లోకి పోకుండా పక్కదారి పట్టడం. యార్క్‌షైర్ టెర్రియర్, మాల్టీస్‌లలో ఇది తరచుగా కనిపిస్తుంది. ఎదుగుదల ఆగిపోవడం, అన్నం తిన్న తర్వాత మత్తుగా తిరగడం, గోడకు తల ఆనించి నిలబడటం దీని గుర్తులు. తినకముందు, తిన్న రెండు గంటలకు రక్తం తీసి బైల్ యాసిడ్ పరీక్ష చేస్తారు. ‘టీకప్’ అని ముద్దుగా అమ్మి, తర్వాత వదిలేసిన కుక్కల్లో కొన్ని అసలు అంత చిన్నగా ఉండిపోయింది ఇలాంటి లోపం వల్లే. టీకప్ అనేది జాతి కాదు, అమ్మకం కోసం పుట్టిన పేరు.

ఇక మిగతావి

*చిన్న కుక్క కాబట్టి వ్యాక్సిన్ సగం డోసు చాలు.* చాలదు. వ్యాక్సిన్ బరువును బట్టి ఉండదు, పూర్తి డోసే వేయాలి. చిన్నవాటిలో రియాక్షన్ కొంచెం ఎక్కువ కాబట్టి ఇంజెక్షన్ తర్వాత ఓ అరగంట అక్కడే కూర్చోండి. కడుపులో పురుగుల మందు, ఒంటి మీది గోమార్ల మందు మాత్రం బరువును బట్టే. పెద్ద కుక్కకు ఒంటి మీద పోసే మందు ట్యూబ్‌ను పంచి పోయడం ప్రమాదం.

*సోఫా ఎత్తు ఎంతని, దూకితే ఏమవుతుంది?* ముంగాలు విరుగుతుంది. మణికట్టు దగ్గర ఆ ఎముక పుల్ల మందమే, అక్కడికి రక్తప్రసరణా తక్కువ. అందుకే కట్టు మాత్రమే కడితే చాలాసార్లు అతకదు, ప్లేట్ వేసే ఆపరేషన్ అవసరమవుతుంది. మెట్లు, ర్యాంప్ పెట్టండి. ఎత్తుకునేటప్పుడు ఒక చెయ్యి ఛాతీ కింద, ఇంకోటి పిరుదుల కింద ఉండాలి. ఇంట్లో చిన్నపిల్లలు నేల మీద కూర్చునే దాన్ని ఒళ్ళో పెట్టుకోవాలి.

*మెడకు మెత్తటి కాలర్ అయితే ఫర్వాలేదు.* బిళ్ళ తగిలించడానికి ఫర్వాలేదు. లీష్ మాత్రం ఛాతీ మీదుగా వచ్చే హార్నెస్‌కే తగిలించాలి. ఈ కుక్కల్లో శ్వాసనాళం నొక్కుకుపోయే జబ్బు ఎక్కువ, లీష్ లాగితే పొడి దగ్గు మొదలవుతుంది. మెడలోని మొదటి రెండు ఎముకల కీలు వదులుగా ఉన్నవాటికైతే ఒక్క కుదుపు చాలు, కాళ్ళు పడిపోవడానికి.

*మాడు పూడకపోతే మెదడులో నీరు చేరినట్టే.* చివావాల్లో మాడు జీవితాంతం మెత్తగా ఉండి కూడా మామూలుగా బతికేవి ఎన్నో. కళ్ళు కిందికి, బయటికి తిరిగి ఉండటం, గుండ్రంగా తిరగడం, ఫిట్స్ కనిపిస్తేనే అనుమానించాలి. ఏదేమైనా అక్కడ వేలితో నొక్కకండి.

*వణుకుతోంది, హీటింగ్ ప్యాడ్ మీద పడుకోబెడదాం.* నేరుగా వద్దు, చర్మం కాలుతుంది. కుక్క మామూలు ఉష్ణోగ్రత 38 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. వేడినీళ్ళ సీసాను టవల్‌లో చుట్టి పక్క సగంలోనే పెట్టండి, వేడి ఎక్కువైతే అది జరిగి పడుకోగలగాలి. 37 కిందికి దిగితే కడుపు నిండా పెట్టకండి, చల్లబడిన పేగులు అరిగించుకోలేవు. మెల్లగా వేడి చేస్తూ ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

*ఇంత చిన్నదానికి మత్తు ఇస్తే బతకదు.* ముందు రక్తపరీక్ష, ముంగాలికి సెలైన్ సూది, ఆపరేషన్ సాగినంతసేపూ ఒంటిని వెచ్చగా ఉంచే ఏర్పాటు, షుగర్ చూస్తుండటం – ఇవి ఉన్నచోట చేయించండి. ఈ భయంతోనే ఊడని పాల పళ్ళను, చీముపట్టిన పళ్ళను ఏళ్ళ తరబడి వదిలేస్తారు. చివరికి దవడ ఎముక కరిగి, గట్టి బిస్కెట్ కొరికినా విరిగే స్థితికి వస్తుంది. ఒక్కటి మాత్రం ముందే అడగండి: ఎన్ని గంటలు పస్తు ఉంచాలి? పెద్ద కుక్కకు చెప్పినట్టు రాత్రి నుంచీ పస్తు అని చెప్తే బరువు, వయసు గుర్తుచేసి మళ్ళీ అడగండి. కుక్కపిల్లలకు ఆ వ్యవధి బాగా తక్కువ, పొద్దున్నే మొదటి ఆపరేషన్‌గా పెట్టించుకోవాలి, మెలకువ వచ్చి మింగగలిగిన వెంటనే కొంచెం తిండి పడాలి.